ఏడో బల్ల మీది ఆకు

అబద్ధమన్నది ఈ నోట పుట్టలేదు, కాబట్టి ఇదీ నమ్మండి.

బర్మాలో, యాంగోన్ కాసినో హోటల్లో, చిమిండైంగ్ పేటలో ఉండే బుల్లియ్య రాత్రిపూట భోజనశాల కడిగేవాడు. జూదగాళ్లకి అరిటాకుల్లో విందు. ముట్టకుండా వదిలేసి ఆటకి పరిగెత్తినా వాళ్లనేమీ అనరు. పనివాడు మెతుకు ముడితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

ఆ రాత్రి అందరూ వెళ్లాక బుల్లియ్య తలుపు గడియ పెట్టాడు. వంటగదిలోంచి బక్కెట్ తెచ్చేలోగా, ఏడో బల్ల మీద ఎవరో వదిలేసిన నిండు విస్తరి ఖాళీ అయిపోయింది. ఆకు మడిచి ఉంది.

పైన అజమాయిషీ చేసే సూర్యావతి తలుపు తట్టి, గడియ తీయించుకుని వచ్చింది. మన తెలుగావిడే.

"ఏటి బుల్లియ్యా, మెక్కీసినావా? రేపట్నించి రాకు."

బుల్లియ్యకి ఒళ్లు మండిపోయింది. "నానా? పదేళ్లు ఎంగిలాకులెత్తినాను, ఒక్క మెతుకు నోట్లో ఎట్టలేదు! ఆకు సూడప్పా. విందు తిన్నోడు తనవైపు మడుస్తాడు. ఇదేటి? అవతలకి మడిసుంది, సచ్చినోళ్ల దినాల బోజనంలో మడిసినట్టు!"

సూర్యావతి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. గోడ అవతల జూదం యంత్రాల మోత ఆగిపోయింది. ఆకు పక్కన గ్లాసులో నీళ్లు ఇంకా కదులుతున్నాయి.

అంతలో బల్ల కిందనుంచి పిల్లి ఒకటి మూతి నాక్కుంటూ వచ్చింది. ఇద్దరూ పకపకా నవ్వారు. బుల్లియ్య ఉద్యోగం నిలిచింది.

అబద్ధం పుట్టదన్నానా? ఒక్కటి పుట్టింది లెండి. ఉద్యోగం నిలిచిన మాట నిజమే. ఆ పిల్లిని మాత్రం, మీకు నిద్ర పట్టాలని నేనే పెట్టాను.