అటక మీది అక్రోట్లు

"పిల్లిలా వంగడం, పాములా లేవడం ఇవాళ నాకొద్దు. ఆ చివరిదొక్కటీ చేయించు," అంది సవేతా, చాప మీదికి రాకుండానే.

ఇలింకా చేతిలో దుప్పట్లు పట్టుకుని అలాగే నిలబడింది. "ఒళ్ళు వేడెక్కకుండా వెల్లకిలా పడుకుంటే నడుం పట్టేస్తుందత్తా. అందరితో పాటు చెయ్యి."

"వాళ్ళు వయసులో ఉన్నారు, ఎప్పుడైనా నేర్చుకుంటారు. నాకు ఇవాళే ఉంది."

అది నిజమే. రేపు పొద్దున ఇలింకా సుచావా పట్నంలో ఇటలీ బస్సు ఎక్కుతోంది. అక్కడెవరో మంచాన పడ్డ ముసలమ్మని చూసుకునే పని. ఊరి హాల్లో ఆడవాళ్ళ నడుం నొప్పులకి ఆమె చెప్పే యోగా క్లాసుకి ఇదే ఆఖరి రోజు.

చొక్కాల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన ఎనిమిదిమంది గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. పొద్దుటి నుంచీ కాలర్లు కుట్టీ కుట్టీ వాళ్ళ మెడలు ముందుకి వాలిపోయి ఉన్నాయి. వాళ్ళలో వియోరికా ఒక కన్ను తెరిచింది.

"వెల్లకిలా పడుకోడానికి అంత తొందరేంటే సవేతా? డెబ్బై దాటాక ఎవర్నన్నా చూసుకున్నావా?"

"చూసుకున్నా. పన్నెండేళ్ళ నుంచీ కాచుక్కూర్చున్నాడు."

"అయితే త్వరగా వెళ్ళు. విసుగొచ్చి ఇంకోదాన్ని చూసుకోగలడు!"

అందరూ నవ్వారు. నవ్వడానికి కూడా ఓపిక లేక వెంటనే ఆపేశారు.

నలభై ఏళ్ళు మగ్గం మీద తివాచీలు నేసి సవేతా వీపు కొడవలిలా వంగిపోయింది. ఆకులు రాలే రోజుల్లో మొదటిసారి వచ్చినప్పుడు తల కింద మూడు దిండ్లు పెడితేగాని పడుకోలేకపోయింది. క్రిస్మస్‌కి అవి రెండయ్యాయి. ఈస్టర్‌కి ఒక దుప్పటి మడత సరిపోయింది. ఇవాళ ఆ మడతని కూడా కాలితో పక్కకి తోసేసి పడుకుంది.

ఇలింకా పక్కన మోకరిల్లి రెండు అరచేతులూ ఆమె భుజాల మీద ఆనించింది. "ఊపిరి వదులు. బరువంతా నేలకిచ్చెయ్యి."

ఎక్కడో ఒక ఎముక టక్కుమంది. సవేతా పెదవి కొరుక్కుంది.

"నొప్పిగా ఉందా? ఆపనా?"

"నొప్పి సంగతి నిన్నడిగానా? మోకాళ్ళు ఎంత ఎత్తున్నాయో చూడు."

ఇలింకా చెయ్యి చాపి కొలిచింది. "జానెడు."

"ఇంకా నొక్కు."

పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి. మోకాళ్ళు కొంచెం కొంచెంగా దిగాయి.

"ఇప్పుడు?"

"నాలుగు వేళ్ళు."

"ముక్కు కొలువు."

"ముక్కు కూడానా!" అంది వియోరికా.

"కొలవమ్మా. నేల నుంచి."

"జానా నాలుగు వేళ్ళత్తా. గడ్డం కూడా బాగా దిగింది."

సవేతా కళ్ళు మూసుకుంది. నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి జారాయి. "చాలు. ఇక లేపండి."

ఇద్దరు పట్టుకుని లేపారు. ఆమె గుమ్మం దగ్గర పెట్టిన సంచీ తెచ్చి ఇలింకా చేతుల్లో పెట్టింది. నిండా అక్రోట్లు.

"నొప్పి తగ్గిందా అత్తా? నిజం చెప్పు."

"కాస్త తగ్గింది. అక్కడ ఆ ముసలమ్మని ఎత్తేటప్పుడు నీ నడుం చూసుకో. వంగకు, మోకాళ్ళ మీద కూర్చుని లేపు. నువ్వు చెప్పిందే." సవేతా ఆమెకి కోటు తొడిగి గుండీలు పైదాకా పెట్టింది, అప్పుడే బయల్దేరుతున్నట్టు.

"ఇన్ని అక్రోట్లు బస్సులో నేనెలా మొయ్యను?"

"మొయ్యి. మిగతావి రేపు వీళ్ళకి పంచేస్తా. అటక మీది పెట్టె ఖాళీ చెయ్యాలి."

"ఎందుకు, అందులో ఇంకేమన్నా పెట్టాలా?"

"పెట్టాలి. పన్నెండేళ్ళ కింద మా ఆయన పోయేముందు నా కొలతలు తీసుకుని తన చేత్తో చేసిన శవపెట్టె పిల్లా అది. వీపు వంగాక మూత పడదనుకున్నా, ఇన్నేళ్ళకి మళ్ళీ అందులో నేను సరిపోతాను."