నంబర్ వన్ నురగ

“మళ్ళీ నురగ! కంపెనీ సబ్బుపొడి ఎత్తుకొచ్చి నా బాత్రూంలో పోస్తావా?”

సబ్బుల ఫ్యాక్టరీ క్వాలిటీ ఆఫీసర్ కేకలకి వరండా దద్దరిల్లింది. గదులు శుభ్రం చేసే ఆమె చేతిలోని చీపురు జారిపోయింది.

“నేను పొయ్యలేదు సార్. ఒట్టి నీళ్ళతోనే కడుగుతున్నాను.”

“నా చెవిలో పువ్వులు పెట్టకు! పాతికేళ్ళుగా నురగతో కాపురం చేస్తున్నవాణ్ణి. చూడగానే సబ్బు పేరు చెప్పేస్తాను.”

అందులో అబద్ధమేం లేదు. వెనకాల అందరూ ఆయన్ని ‘నురగ సార్’ అనేది అందుకే. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

“పొట్ట కొట్టకండి సార్. ఈ పని పోతే పిల్లలతో రోడ్డున పడతాను” అంటూ ఆమె ఏడ్చేసింది. సార్ కరగలేదు. సాక్షి ఒకరుంటే ఇవాళే ఇంటికి పంపేయొచ్చని, పక్క గదిలోంచి కంపెనీ డాక్టరమ్మని పిలిచాడు.

నిజానికి డాక్టరమ్మంటే ఆయనకి ఒళ్ళుమంట. రక్తపరీక్ష, మూత్రపరీక్ష అంటూ ప్రాణం తోడేస్తోంది. “గుండ్రాయిలా ఉన్నాను, నాకెందుకమ్మా?” అని తప్పించుకు తిరుగుతున్నాడు. బీపీ కాస్త ఎక్కువే. ఆఫీసరన్నాక ఆమాత్రం ఉండొద్దూ!

డాక్టరమ్మ రాగానే, లేసులు విప్పేసిన బూట్లు ఈడ్చుకుంటూ ఎదురెళ్ళాడు. కొన్నప్పుడు సరిపోయిన బూట్లు ఈమధ్య కాళ్ళకి ఎక్కడం లేదు. ఆ బూట్ల కంపెనీకి క్వాలిటీ అంటే ఏమిటో తెలియదని ఆయన బాధ.

“చూడండి డాక్టరమ్మా! రెండుసార్లు ఫ్లష్ కొట్టినా చెక్కుచెదరలేదు. సన్నటి బుడగలు, చిక్కటి నురగ. నంబర్ వన్ సరుకు! కావాలంటే సంతకం చేసిస్తాను.”

డాక్టరమ్మ కమోడ్‌లోకి చూసింది. తర్వాత ఆయన వాచిన పాదాల వైపు చూసింది.

“ఈ బాత్రూం ఇంకెవరైనా వాడతారా?”

“ఎవడికుంది అంత ధైర్యం? తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. దొంగతనం బయటపెట్టాలని నిన్నటి నుంచి ఈవిణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు!”

ఏడుస్తున్న ఆమె ఠక్కున ఏడుపు ఆపి తలెత్తింది.

డాక్టరమ్మ కోటు జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది.

“సంతకం అక్కర్లేదు సార్, ఇందులో శాంపిల్ ఇవ్వండి. మూత్రంలో ప్రోటీన్ పోయినా ఇలాగే నురగొస్తుంది... ఈ నంబర్ వన్ సరుకు మన ఫ్యాక్టరీది కాదు, మీ కిడ్నీలదేమోనని నా అనుమానం.”