ప్రెస్సు కింద ఉడుత పాట

"ఉడుతని తీసుకెళ్లి రోడ్డు రోలర్ కింద పడేశావు కదే!"

అన్న చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పెట్టాడు. చెల్లెలు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో ఓ మూల, మనిషెత్తు స్పీకర్ల పక్కన నిలబడి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. ఇంకో అరగంటలో అక్కడే నాన్న రిటైర్మెంట్ సభ. ఇనప రేకుల్ని నొక్కి కారు తలుపులుగా మార్చే ప్రెస్సు మీద ఆయన ముప్ఫై ఆరేళ్లు పనిచేశాడు. ఇవాళే ఆఖరి షిఫ్టు.

"రీమిక్స్ అంటే ఇలాగే ఉంటుంది," అంది చెల్లెలు. స్టూడియోలో పాటలకి మెరుగులు దిద్దడం ఆమె ఉద్యోగం. "పాట అదే. బాగా కింది శ్రుతికి దించానంతే. తాళం మాత్రం నాన్న ప్రెస్సుది. పోయిన వారం వచ్చి రికార్డు చేసుకెళ్లా."

"అదే నా ఏడుపు! టింగు టింగుమంటూ ఎంత ముద్దుగా ఉండేది! చిన్నప్పుడు మనం టీవీలో ఆ ఉడుత వీడియో గేమ్ ఆడుతుంటే నాన్న షిఫ్టు నుంచి వచ్చి, స్నానమైనా చెయ్యకుండా మన వెనకాల కూర్చుని తల ఊపేవాడు. ఆ మనిషికి నచ్చిన పాటంటూ ఉంటే లోకంలో అదొక్కటే. దాన్ని కూడా ఖూనీ చేసి పెట్టావు."

"ఖూనీ ఏంటి? నాన్న బతుకంతా ఈ చప్పుడులోనే గడిచింది. ఆయన పాటలో ఆయన పని ఉండొద్దూ?"

"ముప్ఫై ఆరేళ్లు ఈ మోత భరించిన మనిషికి ఆఖరి రోజు కూడా అదే మోతా? కాస్త జాలుండాలే!"

"మూడు ఆదివారాలు దీని మీదే కూర్చున్నా అన్నయ్యా," అంది చెల్లెలు, ఈసారి మెల్లగా.

అన్నకి తన మాటే నెగ్గాలనేం లేదు. నాన్న నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. ఏం కొనిచ్చినా నవ్వి, బాగుందని పక్కన పెట్టేస్తాడు. ఆయన మొహంలో ఒక్కసారైనా నిఖార్సైన సంతోషం చూడాలని కొడుకు ఆరాటం. అందుకు ఆ పాట తప్ప అతని దగ్గర ఇంకో ఉపాయం లేదు.

"ముందు అసలు పాట పెడదాం. ఆయన ముచ్చటపడి ఇంకోసారి అడిగితే, అప్పుడు చూద్దాం నీ ఇనప మోత సంగతి," అని తేల్చేశాడు.

ప్రెస్సులన్నీ ఆపేసి సభ మొదలుపెట్టారు. ఫోర్‌మాన్ రెండు ముక్కలు మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇదే సమయమని అన్న మీట నొక్కాడు. టింగు టింగుమంటూ ఉడుత పాట షెడ్డంతా పాకింది. ఆ గేమ్ ఆడి పెరిగిన వాళ్లే అక్కడ సగం మంది. ఈలలు వేశారు, చప్పట్లతో తాళం కలిపారు. నాన్న ఆ మొహాలన్నీ ఓసారి కలయజూసి, నవ్వి, తల ఊపాడు.

"చూశావా?" అన్నాడు అన్న.

చెల్లెలు ల్యాప్‌టాప్ మూసెయ్యబోయింది. ఆమె మొహం చిన్నబోయింది. గెలిచానన్న సంబరం అన్నకి అంతలోనే నీరుగారిపోయింది. ఎంతైనా తోడబుట్టింది. పోట్లాడటం వేరు, ఆ మొహం చూడటం వేరు.

"సరే, ఏడవకు. నీది కూడా పెట్టు. ఒక్క నిమిషమే సుమా!"

ధన్! మొదటి దెబ్బకే బల్ల మీది టీ గ్లాసులు గలగలలాడాయి. ధన్! ధన్! ఇనుము మీద ఇనుము రాచుకున్నట్టు కీచుమంది. ఆ రొదలోంచి బొంగురు గొంతుతో, పాతాళంలోంచి ఎవరో పాడుతున్నట్టు, ఉడుత పాట పైకి లేచింది. కొందరు చెవులు మూసుకున్నారు. నాన్న కుర్చీలోంచి లేచాడు. తిన్నగా స్పీకరు దగ్గరికి నడిచి, దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాన్న ఏడుస్తున్నాడు.

అన్న ఒక్క అంగలో వెళ్లి వైరు పీకేశాడు.

"చెబితే విన్నావా? నాన్నని ఏడిపించావు, ఇప్పుడు చాలా?"

"ఎందుకురా ఆపావు?" నాన్న అరిచాడు. నడుస్తున్న ప్రెస్సు పక్కన నిలబడి ఎలా అరుస్తాడో అలాగే. "పెట్టు! మళ్లీ మొదట్నుంచి పెట్టు! అబ్బ, ఎంత బాగుంది! ఎక్కడిదమ్మా ఈ పాట?"

అన్నాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"అదేంటి నాన్నా? ఉడుత గేమ్‌లో పాటే కదా! ఇందాక నేను పెట్టింది కూడా అదే. రోజూ మా వెనకాల కూర్చుని దానికే కదా నువ్వు తల ఊపేవాడివి?"

నాన్న కొడుకు పెదాల వంకే చూస్తూ విన్నాడు. తర్వాత ఫోర్‌మాన్ వైపు ఓ చూపు చూసి, ఇక భయమేముందన్నట్టు నవ్వాడు.

"మీరు పుట్టకముందే నా చెవులకి సన్న శబ్దాలు వినబడటం మానేశాయిరా. చెబితే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మీ సరదా చెడగొట్టడం ఎందుకని, ఉడుత గెంతినప్పుడల్లా తల ఊపేవాణ్ణి," అన్నాడు. "దానికో పాట కూడా ఉందని ఇవాళే తెలిసింది."