మనిషి ముందు పెట్టే మాట

“ఉత్త ‘మ్యాన్’ అని రాస్తే ఎవర్ని వెతుకుతారండీ మీరాగారూ? ముందు ఓ గుణం చెప్పాలి. దాన్నే అడ్జెక్టివ్ అంటారు,” అంది ఎలిజబెత్ టీచర్.

గుణదలలో ఆమె ఇంటి వరండాలో, టోపీ సర్దుకుంటూ కూర్చున్నాడు నాగుల్ మీరా. ఎదురు వాటాలో ఒక్కడే ఉంటాడు. ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. మనిషి తప్పిపోతే వేసే ప్రకటన ఇంగ్లీషులో రాసిపెట్టమని వచ్చాడు.

“అర్థమైంది టీచరమ్మా. మా కొట్లో ఉత్త బోల్టు అడిగితే ఎవడిస్తాడు? అరంగుళం బోల్టు, పొట్టి బోల్టు అనాలి.”

“అచ్చం అంతే! అయినా తెలుగులో రాస్తే పోయేదిగా?”

“బెజవాడలో రైలెక్కినోడు మద్రాసులో దిగొచ్చు, కలకత్తాలో దిగొచ్చు. అక్కడ తెలుగెవరు చదువుతారు? ఎవరూ గుర్తుపట్టకపోతే దిక్కులేకుండా పోతాడమ్మా.”

ఆ మాటతో టీచర్ పెన్ను మూత తీసింది. “ఎలా ఉంటాడు?”

“పొడుగండీ. బక్కపల్చన. బట్టతల.”

“టాల్. థిన్. బాల్డ్. మీ పోలికేనన్నమాట. అన్నగారా?”

“ఇంటి మనిషేనమ్మా. మంచోడని కూడా రాయండి.”

“మంచితనం పైకి కనపడుద్దా ఏంటి? చూడగానే తెలిసేదే రాయాలి. వద్దులెండి.”

మీరా సరేనన్నాడు. కాసేపు వీధివైపు చూశాడు.

“మంచోడని రాశారామ్మా?”

“వద్దనుకున్నాం కదండీ ఇప్పుడే!” నవ్విందామె. ఆయన నవ్వలేదు. ఆమెకే మనసొప్పక, చివర్న ‘గుడ్’ చేర్చింది.

“ఏ రోజు తప్పిపోయాడు?”

“అక్కడ ఖాళీ వదలండి. తర్వాత రాసుకోవచ్చు.”

“కనిపిస్తే కబురెక్కడికి చెయ్యాలి? మీ కొట్టు ఫోన్ నంబరు చెప్పండి.”

“సామాన్ల పేర్లు మర్చిపోతున్నానని కొట్లో పోయిన నెల మానిపించేశారమ్మా.” ఆయన గొంతు తగ్గింది. “మీ నంబరు రాస్తారా? నాకింకెవరూ లేరు.”

పిల్లలు ట్యూషన్‌కి రావడం మానేశాక ఎలిజబెత్ ఫోను మోగిన రోజులు తక్కువే. ఎస్టీడీ కోడ్‌తో సహా తన నంబరు పెద్దక్షరాల్లో రాసింది.

“ఎప్పుడు మోగినా తీస్తాను. సరేనా? ఫొటో ఇవ్వండి మరి, పైన అంటించాలి.”

మీరా చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి రెండు చేతులా అందించాడు. ఆమె కాగితం విప్పింది.

ఫొటోలో ఉన్నది మీరాయే.