దయ్యంచెప్పుకు వేరే సంఖ్య

“మారుస్తావా, మార్చవా?”

తర్యోనో బల్ల మీద అరచేత్తో చరిచాడు. గ్లాసులో టీ ఒలికింది. నినింగ్ కాగితాలు పక్కకు జరుపుకుంది.

“మార్చను పాక్. శుక్రవారం దాకా ఏదీ మారదు.”

ఇండోనేషియాలో, బోగోర్‌లోని ఆ ఎండుమొక్కల భాండాగారంలో తర్యోనో పెద్ద శాస్త్రవేత్త. అందరూ పాక్ అని, అంటే అయ్యగారని, పిలుస్తారు. అడవులు తిరిగి మొక్కలను గుర్తిస్తాడు. నినింగ్ ఆ వివరాలను కంప్యూటరుకు ఎక్కిస్తుంది. ఎవరు ఏ పేరుతో రాసుకొచ్చినా, దాన్ని ప్రపంచమంతా వాడే ఉమ్మడి పదావళిలోని పేరుతో జతచేయడం ఆమె పని. అందులో ఒక్కో పేరుకు ఒక శాశ్వత సంఖ్య ఉంటుంది. పేరు మారినా సంఖ్య మారదు.

ఆ సంఖ్యతో ఇంకో పనీ జరుగుతుంది. అంతరించిపోతున్న మొక్క సంఖ్యను తగిలిస్తే, అది పెరిగే చోటు దానంతటదే లోకానికి మరుగవుతుంది. మామూలు మొక్క సంఖ్యను తగిలిస్తే చోటు అందరికీ కనిపిస్తుంది.

సముద్రం అవతల కలిమంతాన్ అడవుల్లో సెలాన్ కొండ మీద తర్యోనో ఒక ఆర్కిడ్‌ను కనిపెట్టాడు. అక్కడివాళ్ళు దాన్ని దయ్యంచెప్పు అంటారు. ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా లేదు. నినింగ్ దానికి గట్ల మీద పెరిగే మామూలు ఆర్కిడ్ సంఖ్యను తగిలించింది. సోమవారం అది వెబ్‌సైటులోకి వెళ్ళిపోయింది. పైన దయ్యంచెప్పు అన్న పేరు. కింద అక్షాంశం, రేఖాంశం, దశాంశాలతో సహా.

మొక్కల దొంగలు ఆ వెబ్‌సైటును రోజూ చూస్తారు. పోయిన ఏడాది రెండు కొండలు అలాగే బోడి అయ్యాయి.

“ఎన్నేళ్ళయిందమ్మా నువ్వీ కుర్చీలో కూర్చుని?” అన్నాడు తర్యోనో. “బడిపిల్లలు కూడా చెయ్యరీ తప్పు. కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?”

“పొరపాటు జరిగింది.”

“జరిగిందా? దానంతటదే జరిగిందా? నడుచుకుంటూ వచ్చి నీ ఒళ్ళో కూర్చుందా?”

పక్క బల్ల దగ్గర పనిచేసే లిలిస్ నవ్వింది. నినింగ్ అటు చూడలేదు.

“ఒక్క సంఖ్య తీసి ఇంకోటి పెట్టడానికి ఎంతసేపు?”

“వెబ్‌సైటులో విడుదలైన పేరూ సంఖ్యా జతలను వారం మధ్యలో కదపకూడదు. నిబంధన.”

“నీ నిబంధనను ఉప్పులో ఊరేసుకో! అక్కడ కొండ ఖాళీ అయిపోతుంటే...”

“అరవండి పాక్. ఎంత గట్టిగా అరుస్తారో అరవండి. నాకు పని ఉంది.”

తర్యోనో ఆమె కంప్యూటరు తెరను తనవైపు తిప్పుకున్నాడు. దశాంశాలను వేలితో చూపించాడు.

“చూడండమ్మా అందరూ! దొంగల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొక్క ముందు నిలబెట్టినట్టు లేదూ?”

అందరూ చూశారు. తలలు ఊపారు. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం అందరూ పంచుకునే, వేయించిన సోయా టెంపే ముక్కల పళ్ళెం నినింగ్‌ను దాటుకుని అవతలికి వెళ్ళింది. ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం ఒక్కతే తిన్నది.

తర్యోనో అంతటితో ఆగలేదు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేయాలని డైరెక్టరుకు రాశాడు. ఆర్కిడ్ ప్రియుల ఫేస్‌బుక్ గుంపులోనూ రాశాడు. దయ్యంచెప్పు చోటును బయటపెట్టిన మహాతల్లి అని పేరుతో సహా పెట్టాడు. ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు ఆడించాడు.

“ఇప్పుడు దేశమంతా చదువుతోంది నీ నిర్వాకం.”

“దేశమంతానా?”

“సిగ్గేస్తోందా?”

“లేదు. అడిగానంతే.”

“నీలాంటి వాళ్ళకు సిగ్గు కూడా శాశ్వత సంఖ్య పెట్టి తగిలించాలి,” అన్నాడు. ఈసారి గదంతా నవ్వింది.

బుధవారం అతను సెలాన్ కొండ కింద ఉన్న అటవీ ఠాణాకు ఫోను చేశాడు. అధికారి లాయాంగ్ ఎత్తాడు.

“కొండ మీదికి నీ మనుషుల్ని పంపు. ఇవాళే.”

“ఒక్కడు కూడా ఖాళీ లేడు పాక్. అందరికీ ఇక్కడే పని పడింది.”

“అంత పనేమిటయ్యా?”

“ఉందిలెండి.”

తర్యోనో ఫోను పెట్టేశాడు. “అక్కడా ఇలాంటి వాళ్ళే,” అన్నాడు నినింగ్‌కు వినపడేలా. “జీతం తీసుకుని కొండను అమ్ముకునే వాళ్ళు.”

గురువారం డైరెక్టరు నినింగ్‌ను పిలిచి సంజాయిషీ అడిగాడు. శుక్రవారం సాయంత్రం ఇస్తానని ఆమె చెప్పింది. సాయంత్రానికి అది నచ్చకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదని ఆయన చెప్పాడు. తర్యోనో తలుపు బయటే నిలబడి విన్నాడు.

శుక్రవారం ఉదయం అతను వెబ్‌సైటు తెరిచాడు. దయ్యంచెప్పు దగ్గర సరైన సంఖ్య ఉంది. చోటు మరుగైపోయింది.

నినింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“కొండంతా దోచుకుపోయాక తాళం వేశావా?”

అతను అక్కడే నిలబడి, గదిలో అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, లాయాంగ్‌కు ఫోను చేశాడు.

“దొంగలొచ్చారా?”

“వచ్చారు పాక్. రాత్రి నలుగురు దొరికారు. గునపాలూ గోనెసంచులతో సహా.”

తర్యోనో ఫోను మీదికి వంగాడు.

“ఎన్ని తవ్వేశారు?”

“ఒక్కటీ లేదు,” అన్నాడు లాయాంగ్. “మీ నినింగ్ మేడమ్ ఆ పేజీలో పెట్టింది కొండ చోటు కాదండీ, మా ఠాణా పెరడు.”