ఇంటిపేరు ఒక్కటే చాలు

"ఇంటిపేరు ఒక్కటే చెక్కు. కోర్వేరా. అంతే," అన్నాడు ఎవెలియో.

సమాధిరాళ్ళు చెక్కే లిబోరియో ఉలి పక్కన పెట్టి ఆయన వంక చూశాడు. పాలరాతి పలక మీద పెన్సిలు గీతలు అప్పటికే పడ్డాయి. పేరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఈ ఊరి శ్మశానంలో అందరికీ ఉండేవే.

"ఒట్టి కోర్వేరా అంటే ఎవరనుకోవాలి? మీ నాన్నా కోర్వేరాయే, నువ్వూ కోర్వేరావే. రేపు నిన్నూ శ్మశానం గోడలో ఆ పక్క అరలోనే పెడతారు. ఎవరి అర ఏదో తెలియొద్దూ?"

"రేడియోలో ఏమనేవాళ్ళు? పేపర్లో ఏం వేసేవాళ్ళు? కోర్వేరా అనేగా."

అది నిజమే. పదకొండేళ్ళు ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో ఎడమ వైపు ఆడిన మనిషిని, దేశం తరఫున మూడుసార్లు దిగిన మనిషిని బయట ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. చాక్లెట్ పొట్లాల్లో వచ్చే బొమ్మ కింద కూడా ఇంటిపేరే ఉండేది. మోకాలు పోయి, ఊరికి తిరిగొచ్చి యాపిల్ కల్లు దుకాణం పెట్టుకున్నాక బోర్డు మీదా అదే.

లిబోరియో నవ్వాడు. "అసలు సంగతి నేను చెప్పనా? నువ్వు ముప్ఫయ్యేళ్ళు బొగ్గు తవ్వావు. వాడు గోల్స్ కొట్టాడు. ఆ ఏడుపు నీకింకా పోలేదు. తమ్ముడు చచ్చినా పోలేదు."

ఊరంతా వెనకాల అనే మాటే అది. ఏటా జులైలో సెల్సో పునీతుడి పండుగ రోజున దుకాణం కిటకిటలాడేది. అదే పేరు గల దుకాణదారుకి శుభాకాంక్షలు చెప్పడానికి జనం బారులు తీరేవారు. ఎవెలియో మాత్రం మూల బల్ల దగ్గర కూర్చుని ఒక్క గ్లాసు తాగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు.

అన్నదమ్ములు కొండమీది పల్లె నుంచి తల్లిదండ్రులతో ఈ గనుల ఊరికి దిగింది అరవై నాలుగులో. వచ్చి వారమైనా కాలేదు, ఇంకా ఎవరూ మొహమెరగరు. క్లబ్బు గోడ మీద కాగితం అంటించారు. ఆదివారం ఆటగాళ్ళ ఎంపిక, పద్దెనిమిది నిండనివాళ్ళకే. ఎవెలియోకి పంతొమ్మిది. సెల్సోకి పదిహేడు. బంతి ఆట బాగా వచ్చింది ఇద్దరిలో ఒక్కడికే. చిక్కుడుగింజల గిన్నె ముందు కూర్చుని తండ్రి చాలాసేపు ఆలోచించాడు. ఎవడు పైకొచ్చినా పైకొచ్చేది కోర్వేరాయే అన్నాడు.

ఆదివారం సాయంత్రానికి సెల్సో కోర్వేరా లాస్త్రా పేరున కార్డు తయారైంది. ఫొటో అంటించి, సగం ఫొటో మీదకీ సగం కాగితం మీదకీ వచ్చేలా ముద్ర గుద్దారు. సోమవారం అన్నదమ్ముల్లో ఒకడు రైలెక్కాడు. ఒకడు గనిలోకి దిగాడు.

మరుసటి ఏడు ఎవెలియో పేరున సైన్యం నుంచి పిలుపు వచ్చింది. సహారా ఇసుకలో పద్దెనిమిది నెలలు. తిరిగొచ్చేసరికి తల్లి మంచంలో ఉంది. ఆఖరి రోజు ఆమె సెల్సో, సెల్సో అని కలవరించింది. ఆటగాడికి ఆ సాయంత్రం సెవిల్లాలో ఆట. ఎవెలియోయే ఆమె చెయ్యి పట్టుకుని, ఇక్కడే ఉన్నానమ్మా అన్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. తల్లి ప్రాణం నిమ్మళించడానికి ఎంత మాటన్నాడో అని చెప్పుకున్నారు.

లిబోరియో మళ్ళీ ఉలి అందుకున్నాడు. నాకెందుకొచ్చిన గొడవ, బెనిల్దె ఒప్పుకుంటే అలాగే చెక్కుతాను, వెళ్ళి అడుగు అన్నాడు.

చనిపోయినవాడి భార్య బెనిల్దె నల్లబట్టల్లో, దుకాణం బల్ల వెనక నిలబడి గ్లాసులు తుడుస్తోంది.

"ఆస్పత్రిలో నాకు మాటిచ్చాడమ్మా," అన్నాడు ఎవెలియో. "రాతి మీద ఇంటిపేరు ఒక్కటే ఉండేలా చూస్తానన్నాడు. పేరు వద్దన్నాడు."

"నాతో అనలేదు బావగారూ."

"నీతో చెప్తానన్నాడు."

"చెప్పలేదు." ఆమె గ్లాసు బోర్లించింది. "సొంత పేరు ఎందుకు వద్దంటాడు? ఏం తప్పు చేశాడని?"

ఎవెలియో టోపీని చేతుల్లో తిప్పాడు.

"అసలు ఏం జరిగిందంటే, బెనిల్దె..."

"నన్ను చెప్పనివ్వండి. కోర్వేరా అన్నది వాళ్ళందరిదీ. రేడియోవాళ్ళది, ఆ అరిచినవాళ్ళది. ఇంట్లో నేను పిలిచింది సెల్సో అని. ముప్ఫై ఆరేళ్ళు పిలిచాను. నాకంటూ మిగిలింది ఆ ఒక్క పేరు. దాన్నీ తీసేసుకుంటారా?"

ఆయన నోరు తెరిచాడు. ఆమె తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. ఆయన టోపీ తలకి పెట్టుకున్నాడు.

"లేదమ్మా. పేరుతోనే చెక్కించు," అన్నాడు.

సకల పునీతుల పండుగ నాటికి పలక బిగించారు. మేయరు వచ్చాడు. ఆటస్థలానికి కూడా సెల్సో కోర్వేరా పేరే పెడుతున్నామని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. బెనిల్దె సామంతిపూలు పెట్టి, అక్షరాలని ముద్దు పెట్టుకుంది.

లిబోరియో వచ్చి ఎవెలియో భుజం తట్టాడు.

"ఎంత బాగా కుదిరిందో చూడు. ఇప్పటికైనా ఆ ఏడుపు మాను." పక్కనున్న ఖాళీ అర వైపు గడ్డంతో చూపించాడు. "దిగులుపడకు. నీ పేరు కూడా అచ్చం ఇలాగే చెక్కుతాలే."

"చెక్కావుగా," అన్నాడు ఆయన. లిబోరియోకి అర్థం కాలేదు. నవ్వేసి వెళ్ళిపోయాడు.

అందరూ గేటు దాటాక, కొండమీది పల్లెలో తల్లి తనకు పెట్టిన పేరుని, తను పుట్టిన తేదీని రాతి మీద వేలితో ఒక్కసారి తడిమి, సెల్సో కోర్వేరా లాస్త్రా తన ఇంటిదారి పట్టాడు.