పక్క కళ్లం జవాబు

"అది పాటంట్రా? పందిని కోస్తున్నట్టుంది!" అని తన రికార్డు విని ఊరంతా నవ్విన మంట జయరావుకి ఇంకా చల్లారలేదు. ఆ జాజ్ రికార్డు కోసం తనెన్నేళ్లు వెతికాడో వీళ్లకేం తెలుసు? ఆ రాత్రి మిర్చి కళ్లం కాపలాకి పోతూ, పంతం కొద్దీ ఆ రికార్డునీ, బ్యాటరీ ప్లేయర్‌నీ కూడా మోసుకెళ్లాడు.

ముల్లు పెట్టగానే శాక్సఫోన్ రంకె వేసి టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో పక్క కళ్లం నుంచి "ఓయ్" అని వినిపించింది. మెలకువగానే ఉన్నామని కాపలావాళ్లు ఒకరికొకరు వేసుకునే కేక అది. శాక్సఫోన్ మళ్లీ అరిచింది. మళ్లీ "ఓయ్".

"ఒరేయ్ ఇర్మియా! నా రికార్డుతోనా నీ వేళాకోళం? సిగ్గులేదట్రా?" అంటూ టార్చి పట్టుకుని ఊగిపోతూ వెళ్లాడు.

కళ్లం ఖాళీ. సాయంత్రమే ఇర్మియా కాయంతా లారీకెత్తి గుంటూరు యార్డుకి వెళ్లిపోయాడని అప్పుడు గుర్తొచ్చింది.

గబగబా తిరిగొచ్చి ముల్లెత్తేశాడు. రికార్డు ఆగింది.

శాక్సఫోన్ మాత్రం మోగింది, ఈసారి ఆ ఖాళీ కళ్లంలోంచి. అది ఆగగానే, ఆగిపోయిన ప్లేయర్‌లోంచి "ఓయ్" అని జవాబొచ్చింది. అచ్చం జయరావు గొంతు.

"నా గొంతు నీకెవడిచ్చాడ్రా?" అని అరవబోయాడు. నోరైతే తెరుచుకుంది. గొంతు రాలేదు.